బందరు సభలో నేనడిగిన ప్రశ్న

డిగ్రీ లేదని నన్ను నిండు సభలో కూర్చోబెట్టేశారు. అడిగినదానికి జవాబు ఇవ్వలేదు.

తొంభైల చివర్లో బందరు కాలేజీ ఒకదానిలో ఉపగ్రహాల మీద ఉపన్యాసమంటే మా ఊరు పమిడిముక్కల నుంచి బస్సెక్కి వెళ్లాను. అంతరిక్షంలో ఉపగ్రహాన్ని అటూ ఇటూ జరిపే చిన్న ఇంజన్ల గురించి ఒక యువ శాస్త్రవేత్త చక్కగా చెప్పింది. వాటికి నిప్పు పెట్టక్కర్లేదట. ద్రవ ఇంధనం ఉత్ప్రేరకం పూసిన గుళికల మీద పడితే చాలు, విడిపోయి వేడి వాయువవుతుందట. ఆ వేడి ఎటు పాకుతుందో, ఇంధనం గుళికలోకి ఎంత ఇంకుతుందో లెక్కగట్టడం ఆవిడ పని.

నేను లేచాను. "పేరు, చదువు చెప్పి అడగండి" అన్నారు అధ్యక్షులవారు.

పేరు చెప్పి, "ఐదో తరగతండి. మిగతాదంతా లైబ్రరీలో. రాతిసున్నం మీద నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తే వేడెక్కి ఉడుకుతుంది, ఒకేసారి గుమ్మరిస్తే చల్లబడిపోయి సరిగ్గా ఉడకదు. మీ గుళికలూ అంతేనా అమ్మా?" అన్నాను.

"ఇది సున్నం బట్టీ కాదు పెద్దాయనా, కూర్చోండి" అన్నారాయన. హాలంతా నవ్వింది.

జవాబు వినకుండా బస్సెక్కితే ఆ నవ్వే ఖాయమైపోతుందని, సభ అయ్యాక ఆవిడ కారు దగ్గర నిలబడ్డాను. నా మాట తప్పయితే తప్పని చెప్పాలి గానీ నవ్వడమేమిటి? ఆ కోపం నాకింకా పోలేదు. ఆవిడ మాత్రం నన్ను చూసి ఆగి చెప్పింది:

"పోలిక తప్పు బాబాయ్ గారూ. సున్నం ఉడికి అయిపోతుంది, మా గుళికలు అయిపోవు. చల్లబడటం మాత్రం నిజమేనండి. అందుకే ఇంధనం వదిలే ముందు వాటిని హీటరుతో వేడి చేసి ఉంచుతాం."