బయట చేరిన అక్క

బనగానపల్లెలో మా అత్తగారింటి వెనక వసారాకు నల్ల నాపబండలు పరిచి ఉండేవి. ఎండాకాలం చల్లగా ఉంటాయి, ఎంతటి మరకనైనా దాచేస్తాయి. ఆ బండలంటే నాకు ఇప్పటికీ మంట.

నెల వచ్చినప్పుడు మేం ఆ వసారాలోనే కూర్చోవాలి. ఎవరూ ముట్టుకోరు. అన్నం తట్ట దూరం నుంచి తోస్తారు. చంటిబిడ్డను మాత్రం బట్టలు విప్పి వదిలితే తల్లి దగ్గరికి పోవచ్చు, మైల అంటదట. ఎవడు కనిపెట్టాడో ఆ మహానుభావుడు!

ఊళ్లోకి సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులవి. నేను అక్కా అని పిలిచే మా పెద్ద తోడికోడలు బయట చేరింది. చిన్నోడికి ఇంకా పాలు మాన్పలేదు. కాన్పయ్యాక నెల రావడం ఇదే మొదలని అత్త అనుకుంది. నేను అన్నం తట్ట తోయబోతే అక్క గొంతు తగ్గించి నిజం చెప్పింది.

"నెల కాదమ్మీ, మళ్లా కడుపొచ్చినాది. మీ బావ మెడికల్ షాపులో మాత్రలు తెచ్చిస్తే మింగినా. ఈడ కూర్చుంటే ఎవురూ అడగరు గదా."

"ఎన్నో నెల?"

"నెలే రాకపాయె, లెక్క యాడ తెలుస్తాది? రెండో, మూడో."

"డాక్టరమ్మకు చూపిచ్చుకోవాల్సింది కదక్కా!"

"ఆస్పత్రికి పోతే పోలీసు కేసంట. మింగినోళ్లూ లోపలే, అమ్మినోళ్లూ లోపలే అని షాపాయన చెప్పినాడు. నోరు మూసుకో, నా తల్లీ."

నవ్వుతూనే చెప్పింది. నేను మాత్రం నెత్తురు ఎక్కువైతే కేకెయ్యమని ఒట్టు వేయించుకున్నాను.

మరునాడు పొద్దున అక్క మూలుగుతోంది. "కాన్పయినాక మొదటి నెల అట్లే ఉంటాది" అంది అత్త. తట్టలో అన్నం తాకకుండా ఉంది. పిల్లాడు ఏడుస్తుంటే చొక్కా విప్పి గడప దాటించాను. కాసేపటికి వాడు పాకుతూ తిరిగొచ్చాడు. మోకాళ్లు, అరచేతులు ఎర్రగా ఉన్నాయి. బండల వైపు చూస్తే తడి తప్ప ఏమీ కనబడలేదు.

"ముట్టుకోవాకు!" అని అత్త అరుస్తున్నా పోయి అక్కను పట్టుకున్నాను. ఒళ్లు చల్లబడింది. చీరంతా తడిసి బరువెక్కింది. కేకెయ్యడానికి ఆమెకు గొంతే లేదు.

బావ అంగడి నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "కేసయితే బజార్లో తలెత్తుకోలేము. ఇంగొంచెంసేపు చూద్దాం, తగ్గుతాదేమో."

"మనిషి పోతాంటే నీకు బజారేంది బావా! నీ పరువు తగలెయ్య!"

ఆ ఇంట్లో బావతో అలా మాట్లాడిన కోడలు లేదు. ఆయన సెల్లు తీసి షాపాయనకు చేశాడు. ఎత్తలేదు. అడిగొస్తానని అటు పోయాడు. నేను చెప్పుల్లేకుండానే జీపు కోసం బజారుకు పరుగెత్తాను. బావ తిరిగొచ్చి, అక్కను జీపెక్కించేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

నంద్యాల ఆస్పత్రిలో డాక్టరమ్మ ఏం మింగిందని అడిగింది. బావ పక్కనే ఉన్నా, మాత్రల సంగతీ రెండో మూడో నెలన్న మాటా నేనే చెప్పాను. ఆమె అక్క కడుపు మీద చెయ్యి పెట్టి చూసి, బావ మీద విరుచుకుపడింది.

"ఇది మూడో నెల కాదయ్యా, నాలుగు దాటింది. ముందే వచ్చి అడిగుంటే చట్టప్రకారం ఇక్కడే చేసేవాళ్లం. నెత్తురు పోయే మనిషిని చూసేది మా పని. కేసని ఎవరు చెప్పారు నీకు?"

పొద్దు గూకకముందే అక్క పోయింది.

కేసు కాలేదు. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. మరుసటి వారం నేను కూరగాయలకు పోతే మెడికల్ షాపు తెరిచే ఉంది, జనం నిలబడే ఉన్నారు.

పిల్లాడికి ఏం తెలుసు! ఆకలైతే వెనక గడప దగ్గరికి పాకి కూర్చునేవాడు. లోపలికి తెచ్చి పాలగ్లాసు నోటికి పెట్టినా మళ్లీ అక్కడికే పోయేవాడు. నా మొహంలోకి చూస్తూ, విప్పమని తన చొక్కా లాక్కునేవాడు.