తిమోతి గారి ఒడి

మహానుభావుల జీవితచరిత్రలు సాధారణంగా వారి విశాలమైన నుదుటితోనో, తేజస్సు గల కళ్లతోనో మొదలవుతాయి. తిమోతి గారి చరిత్రను ఒడితో మొదలుపెట్టక తప్పదు. తక్కిన తిమోతి గారు, అంటే నెల్లూరులో కళ్లజోళ్ల షాపు ఉద్యోగం, ఆదివారం చర్చిలో వెనక బెంచీ, పక్కవాడికి కూడా సరిగా వినపడని గొంతు, అదంతా ఆయన సొంతం. ఒడి మాత్రం ప్రజల ఆస్తి.

సాయంత్రం ఆయన ఎక్కే పల్లెవెలుగు నెల్లూరులోనే బయలుదేరుతుంది కనుక కిటికీ పక్క సీటు ఖాయం. నిలబడ్డవాళ్ల సంచులు కూర్చున్నవాడు పట్టుకోవాలన్నది మా వైపు ఎక్కడా రాసిపెట్టని చట్టం. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక నిలబడేవాళ్లూ పెరిగారు, చట్టం అమలూ పెరిగింది. మందుల కవర్లు, టిఫిన్ క్యారియర్లు, ఒకసారి కాళ్లు కట్టిన కోడిపుంజు, అన్నీ ఆ ఒడిలో ప్రయాణం చేసి క్షేమంగా ఇళ్లకు చేరాయి. వద్దు అనే మాట ఆయన నోట్లో తయారయ్యేలోపల రెండో సంచి వచ్చి పడేది.

చిక్కల్లా దిగేటప్పుడే. తోటపల్లి గూడూరు దాటాక తిమోతి గారి పాళెం వస్తుంది. సంచుల సొంతదారులు జనంలో ఎక్కడో ఇరుక్కుని ఉంటారు. ఎవరిది ఎవరికివ్వాలో తేలేసరికి పాళెం వెనక్కి పోయి ఉంటుంది. ఆయన ఇంకెక్కడో దిగి, రొయ్యల గుంటల మధ్య రోడ్డు వెంట నడిచి వచ్చేవారు. పెళ్లికాక ముందు దాన్ని వ్యాయామం అనుకున్నారు.

ఇప్పుడు అలా అనుకునే వీలు లేదు. భార్య లిల్లీకి సముద్రం వైపున్న రొయ్యల కంపెనీలో రాత్రి షిఫ్టు దొరికింది. పొద్దుగుంకే వేళకు కంపెనీ వ్యాను పాళెం రోడ్డు మీదికి వస్తుంది. ఆలోపల తిమోతి గారు ఇల్లు చేరి చిన్నబిడ్డ ఫేబీని అందుకోవాలి. ఆయన రాక, బిడ్డను వదల్లేక, లిల్లీకి ఇప్పటికే రెండుసార్లు వ్యాను తప్పింది. ఇంకోసారి తప్పితే ఇక రానక్కర్లేదని సూపర్‌వైజరు చెప్పేశాడు.

అందుచేత ఆ రోజు తిమోతి గారు చరిత్రాత్మకమైన నిర్ణయం తీసుకున్నారు. కూర్చోరు. నిలబడ్డవాడికి ఒడి ఉండదు గదా. ఎక్కీ ఎక్కగానే తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడిపోయారు.

మస్తానమ్మ చూడనే చూసింది. నెల్లూరులో చేపలమ్ముకుని ఖాళీ తట్టతో ఇల్లు చేరే మనిషి, రోజూ ఆ బస్సే. పాపం సీటు దొరకలేదనుకుని, తను లేచి, ఆయన చెయ్యి పట్టి లాక్కొచ్చి కిటికీ పక్కన కూర్చోబెట్టింది.

"రోజూ మా బరువులు మోస్తా ఉండావు. ఈ పొద్దన్నా సుఖంగా కూర్చో అబ్బయా."

ఆ సుఖంలో భాగంగా మొదట ఆమె తట్టే ఒళ్లోకి వచ్చింది. దాని మీద రెండు సంచులు. ముందు తలుపు దగ్గర, ఆసుపత్రిలో సూది వేయించుకొచ్చిన పిల్లవాడొకడు నెల్లూరు నుంచీ ఏడుస్తున్నాడు. తల్లికి నిలబడేందుకే చోటు లేదు. పిల్లవాడు చేతులు మారి మారి, జనం తలల మీదుగా వచ్చి, తిమోతి గారి భుజం మీద వాలి నిద్రపోయాడు. బస్సంతా హమ్మయ్య అనుకుంది.

పాళెం వచ్చింది. తిమోతి గారు దిగాలన్నారు. పిల్లవాడు లేస్తాడేమోనని గుసగుసగా అన్నారు. కండక్టరుకు వినపడలేదు, మస్తానమ్మకు వినపడింది.

"ఇప్పుడే నిద్రపోయినాడు. కదిలించబాక" అంది.

కిటికీలోంచి ఆయన ఇంటి సందు కనిపించింది, మెల్లగా వెనక్కి పోయింది. జేబులో ఫోను మోగింది. ఎత్తడానికి ఆయనకు చెయ్యి ఖాళీ లేదు. మస్తానమ్మే తీసి, మీట నొక్కి, ఆయన చెవికి ఆనించింది. లిల్లీ గొంతు మూడు వరుసల దాకా వినిపించింది.

"ఎక్కడుండావు?"

ఉన్న సంగతి చెప్పారు.

"ఊళ్లో బిడ్డలందరూ నీ ఒళ్లోనే ఉండారు. నీ బిడ్డ తప్ప."

బస్సులో ఎవరూ నవ్వలేదు. మస్తానమ్మ కిటికీ బయటికి చూసింది. లిల్లీయే మళ్లీ అంది. "నేను ఫేబీనెత్తుకోని వ్యానెక్కతా. అదీ ఈ రోడ్డునే గదా వచ్చేది. నువ్వు దిగినచోటే నిలబడు. కదలబాక."

కదలడం ఆయన చేతుల్లో లేదు.

పిల్లవాడి తల్లి దిగినచోట ఆయనకూ విడుదల దొరికింది. పిల్లవాడి చొంగతో తడిసిన భుజంతో రోడ్డు పక్కన నిలబడ్డారు. వ్యాను వచ్చింది. కంపెనీలోకి బిడ్డలను రానివ్వరని డ్రైవరు గొణుగుతూనే ఉన్నాడు. ఫేబీ వ్యానులో ఒకరి ఒళ్లోంచి ఒకరి ఒళ్లోకి మారుతూ చివరికి తలుపు దగ్గరికి చేరింది. లిల్లీ బిడ్డను తండ్రి చేతుల్లో పెట్టి తలుపు లాక్కుంది. ఉద్యోగం ఆ రోజుకు నిలిచింది.

తిరుగు బస్సులో సీటు లేదు. తిమోతి గారు ఒక చేత్తో కమ్మీని, ఒక చేత్తో ఫేబీని పట్టుకుని ఊగుతుంటే, కిటికీ పక్కనున్న బక్కపలచని మనిషి చేతులు చాపాడు. అప్పటికే అతని ఒళ్లో బియ్యం సంచీ, ఎవరిదో క్యారియరూ ఉన్నాయి.

"ఇటియ్యన్నా."

ఇచ్చారు. ఇచ్చాక ఆ ముఖంలోకి చూశారు. అలాంటి ముఖాన్నే ఆయన ఎన్నోసార్లు సాయంత్రం పూట కిటికీ అద్దంలో, తన నీడలో, చూసి ఉన్నారు. ఇన్నేళ్లలో తనను ఎవరూ అడగని ప్రశ్న అడిగారు.

"నువ్వెక్కడ దిగాలన్నా?"

అతను ఇబ్బందిగా నవ్వాడు. "దాటిపోయిందిలే అన్నా."

తిమోతి గారు జీవితంలో మొదటిసారి గొంతెత్తారు. బస్సాపమని అరిచారు. ఫేబీ ఉలిక్కిపడి ఏడుపందుకుంది. డ్రైవరు బ్రేకు వేశాడు, క్యారియరు దొర్లింది, జనం తిట్టుకున్నారు, ఆ మనిషి బిడ్డను తండ్రికిచ్చి దిగాడు.

కిటికీ పక్క సీటు ఖాళీ అయింది. చంటిబిడ్డ తండ్రి గదా, కూర్చోమని నలుగురూ అన్నారు. బియ్యం సంచీ గలావిడ మరీ బతిమాలింది.

తిమోతి గారు ఏడుస్తున్న ఫేబీని చంకనెత్తుకుని, పాళెం వచ్చేదాకా నిలబడే ఉన్నారు.