మొలతాడుకు కట్టిన పూస

అక్క రెండో కాన్పు ఏడో నెలలోనే అయింది. కల్వకుర్తి దవాఖానలో పిల్లను చూసిన డాక్టరమ్మ, బస్సులో పట్నం చేరేలోపే ఒళ్లు చల్లబడుతుందనీ, ఇంట్లోనే వెచ్చగా ఉంచి చుక్కచుక్కగా పాలు పట్టమనీ చెప్పి పంపింది. మొదటి బిడ్డ అక్క ఒళ్లోనే చల్లబడి పోయింది. అందుకని ఈ పిల్లను ముట్టనని మొండికేసింది. పాలు పిండి గిన్నెలో ఇచ్చేది, గోడవైపు తిరిగి పడుకునేది.

తొంభైల మొదలు అది. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాను. డిప్లొమా చదివేవాడికి కాస్త పొగరుంటుంది, నాకు కాస్త ఎక్కువే. మా సారును బతిమాలి, మనం రాసిన ప్రోగ్రాం ప్రకారం నడిచి ఎర్ర అంకెలు చూపే మైక్రోప్రాసెసర్ కిట్ తెచ్చాను. మామిడిపండ్ల పెట్టెలో దూది పరిచి, పైన అరవై క్యాండిళ్ల బల్బు వేలాడదీశాను. థర్మిస్టర్ అని చిన్న పూస ఉంటుంది. వేడి మారితే దానిలో పారే కరెంటు మారుతుంది. ఆ మార్పును ఒక చిప్పు అంకెగా చేసి కిట్‌కు అందిస్తుంది. పూసనూ, జ్వరం చూసే థర్మామీటరునూ ఒకే గ్లాసు గోరువెచ్చని నీళ్లలో ముంచి, ఒంటి వేడికి ఏ అంకె వస్తుందో చూసుకున్నాను. తొంభై నాలుగు. అది డిగ్రీల లెక్క కాదు, కిట్ లెక్క. అంతకు తగ్గితే బల్బు వెలగాలి, చేరితే ఆరాలి. మొదట్లో అంకె కుదురుగా ఉండక బల్బు టపటపా కొట్టుకునేది. చాలాసార్లు చదివి సగటు తీసేలా ప్రోగ్రాం మార్చాక బుద్ధిగా నిలిచింది. కరెంటు పోతే ప్రోగ్రాం చెరిగిపోతుందని కిట్‌ను పాత స్కూటర్ బ్యాటరీకి కలిపాను. బల్బు మాత్రం ఇంటి కరెంటు మీదే.

పూసను దూదిలో పెట్టాను. తెల్లారి చూస్తే మా అవ్వ దాన్ని పిల్ల మొలతాడుకు, దర్గా తాయెత్తు పక్కనే కట్టేసింది.

“అది తాయెత్తు కాదవ్వా.”

“ఏదైతేంది బిడ్డా. దూదికి గడితే, దూదికేం దిష్టి?”

వైరు పొడవు సరిపోయింది. నవ్వి ఊరుకున్నాను.

ఒకనాడు మధ్యాహ్నం ముసురు పట్టి కరెంటు పోయింది. బల్బు ఆరింది. కిట్ మీద ఎర్ర అంకెలు వెలుగుతూనే ఉన్నాయి, తగ్గుతూనే ఉన్నాయి. అవ్వ కుంపటి రాజేయబోతే తడి బొగ్గులు పొగే ఇచ్చాయి. నేను అంకెలు పైకి చదువుతున్నాను. అంతకుమించి నాకు చేతనైంది లేదు. అంత భయం మళ్లీ ఎప్పుడూ ఎరగను.

“ఎంతున్నది తమ్మీ?” గోడవైపు నుంచే అడిగింది అక్క.

“ఎనభై ఏడు.”

“జర ఎత్తుకో బిడ్డా,” అంది అవ్వ. “చేతులు కాలినంక ఆకులు వట్టుకుంటే ఏం లాభం?”

“నా ఒళ్లెనే ఒకటి పోయె గదవ్వా. నా చేతులు మంచియి గావు.”

నేను “ఎనభై ఆరు” అన్నాను.

అక్క లేచింది. పిల్లను వైరుతో సహా ఎత్తి, రవిక విప్పి రొమ్ముకు ఆనించుకుని, పైనుంచి కొంగు చుట్టేసింది. నేను తల తిప్పుకుని అంకెలనే చూస్తూ కూర్చున్నాను. ఎనభై ఆరు చాలాసేపు కదల్లేదు. తర్వాత ఎనభై ఏడైంది. పైకి చదవడం మరిచి దాన్నే చూస్తున్నాను.

“చెప్పు తమ్మీ.”

“పెరుగుతాంది అక్కా.”

పొద్దుగూకే వేళకు కరెంటు వచ్చింది. ఇంట్లో లైట్లన్నీ వెలిగాయి. పెట్టె మీది బల్బు వెలగలేదు. మాడిపోయిందేమోనని లేవబోయి, కిట్ వైపు చూశాను. తొంభై ఐదు. దానికి వెలగాల్సిన పని లేదు.

“ఏమైంది?” అంది అక్క.

“ఏం గాలేదక్కా. గట్లనే పట్టుకో.”