ఆకుపచ్చ ప్యాకెట్టు తీసిన రోజు

వెంగ్ జిన్-తాంగ్ గారిని మా పరీక్షశాలలో అందరూ వెంగ్ అన్న అంటారు. సముద్రం ఒడ్డున మా బుదాయ్ ఊరి చుట్టుపక్కల చేపల చెరువుల వాళ్లు సీసాల్లో నీళ్లు పట్టుకొస్తారు. ఆ నీళ్లలో చేప బతుకుతుందో లేదో చూసి చెప్పడం ఆయన పని. ఆ సీసాలు కడగడం నా పని. హైస్కూలు మధ్యలో మానేసి వచ్చినదాన్ని, మాట కూడా తక్కువ, కాబట్టి నన్ను ఎవరూ పెద్దగా పలకరించరు. ఆయన పలకరిస్తారు. నేను ఏం చెప్పినా "అదెలా తెలిసింది నీకు?" అంటారు. వెక్కిరింపుగా కాదు, నిజంగా తెలుసుకోవాలని.

ఆయన తండ్రి సముద్రంలో తెప్పలకు వేలాడదీసి ఆల్చిప్పలు పెంచేవాడట. మబ్బు పట్టినప్పుడు పడవ తియ్యాలా వద్దా అని గుడిలో నెలవంక ఆకారం చెక్కలు రెండు నేల మీద వేసి అడిగేవాడు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే దేవత సరేనన్నట్టు. అలా పడకపోతే ప్రశ్న కాస్త మార్చి మళ్లీ వేసేవాడు. సరే అనేదాకా వేసేవాడు. ఒకసారి అలాగే వెళ్లి తుఫానులో తెప్పలన్నీ పోగొట్టుకుని ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. "కాదన్నవాటిని వదిలేస్తూ పోతే ఏ దేవతైనా ఒప్పుకుంటుంది" అంటారు వెంగ్ అన్న, ఆ కథ చెప్పినప్పుడల్లా.

నీళ్లు పరీక్షించే యంత్రం మీద మా దగ్గర ఒక ఆకుపచ్చ ప్యాకెట్టు ఉంటుంది. కొబ్బరిపాల రుచి చిరుతిండి. విప్పకూడదు, తినకూడదు. అది ఉంటే యంత్రం మొండికెయ్యకుండా బుద్ధిగా పనిచేస్తుంది. మా దేశంలో ఎక్కడైనా అంతే కదా, బ్యాంకు యంత్రం మీదైనా ఆస్పత్రి యంత్రం మీదైనా ఇదే ఉంటుంది. మా దగ్గర దాన్ని పెట్టింది బీ-చూ అక్క. పరీక్షల్లో వెంగ్ అన్నకు తోడుగా ఉండేది ఆవిడే. అయినా ఎండలు ముదిరితే మా యంత్రం ఆగిపోతుండేది.

"ప్యాకెట్టు ఉండగానే ఆగింది కదా?" అన్నారు వెంగ్ అన్న ఒకరోజు అన్నాల దగ్గర.

"దాని గడువు దాటిపోయిందన్నా, చూసుకోలేదు."

"అంతకుముందు ఆగినప్పుడు?"

"అప్పుడెవరో పసుపుది పెట్టారు. పచ్చదైతేనే నడుస్తుంది, పసుపుది పెడితే ఆగదా మరి?"

"అయితే ఏం జరిగితే నీ ప్యాకెట్టు పనిచెయ్యదని ఒప్పుకుంటావే?"

బీ-చూ అక్క ముద్ద నములుతూ ఆలోచించింది. "పెట్టినా యంత్రం ఆగితే."

"ఆగింది కదా!"

"అది గడువు దాటినప్పుడన్నా!"

అందరం నవ్వాం. ఆయనా నవ్వారు. కానీ మర్నాడు గడువున్న కొత్త పచ్చ ప్యాకెట్టు ఒకటి తెచ్చి, మా పైఅధికారి కో మేడమ్ దగ్గరికి వెళ్లారు. రోజూ పొద్దున నాణెం ఎగరేద్దాం, బొమ్మ పడితే ప్యాకెట్టు పెడదాం, బొరుసు పడితే తీసేద్దాం, ఎండలు తగ్గేదాకా చూద్దాం అన్నారు. మన ఇష్టానికి వదిలేస్తే మంచి రోజులు చూసుకుని పెడతాం కాబట్టి నాణెమే నయం అన్నారు.

"నాణెం ఎందుకన్నా, నెలవంక చెక్కలే వెయ్యరాదూ?" అంది బీ-చూ అక్క.

కో మేడమ్ నవ్వి సరేనన్నారు.

మొదటి పొద్దునే బొరుసు పడింది. ప్యాకెట్టు సొరుగులోకి పోయింది. కాసేపటికి చేపల చెరువులున్న యెన్ బాబాయ్ సీసాల బుట్టతో పరుగున వచ్చాడు. ఆయన పెంచే పాలచేపలు తెల్లారినప్పటి నుంచీ గాలి అందక నోళ్లు పైకి తెరుస్తున్నాయట. ఏ చెరువులో ఏం తేడా వచ్చిందో తెలిస్తే నీళ్లు మారుస్తాడు. సగం సీసాలు అయ్యాక యంత్రం ఆగిపోయింది.

వెంగ్ అన్న అన్నం మానేసి, మిగిలిన సీసాలన్నీ చుక్కల మందుతో, రంగు చూసుకుంటూ చేత్తో చేశారు. సాయంత్రమైంది. అప్పటికే యెన్ బాబాయ్ పెద్ద చెరువు నిండా తెల్లటి పొట్టలు తేలాయి.

మర్నాడు యెన్ బాబాయ్ వచ్చి కూర్చోకుండా నిలబడ్డాడు. ఎవరు చెప్పారో, సంగతంతా తెలిసింది.

"ఏమయ్యా వెంగ్, యంత్రం మీద ఉన్నది తీసేశావంట?"

"తీశానన్నా."

"ఎందుకు?"

"అది పనిచేస్తుందో లేదో తెలుసుకుందామని."

"తెలిసిందా?"

"లేదన్నా. ఒక్కసారితో తెలీదు. మళ్లీ మళ్లీ చేస్తే గానీ..."

"మళ్లీనా!" యెన్ బాబాయ్ మా అందరి ముఖాల్లోకి చూశాడు. "ఈసారి ఎవడి చెరువయ్యా?"

"పొరపాటు జరిగిందని ఒక్క మాట అనండి, అయిపోతుంది" అని కో మేడమ్ వెంగ్ అన్నతో మెల్లగా అన్నారు. చేపలు పోయినందుకు ఆయన నడుం వంచి క్షమాపణ చెప్పారు. ప్యాకెట్టు తియ్యడం వల్లే పోయాయని మాత్రం అనలేదు. దానివల్ల కాదనీ అనలేదు. "నాకు తెలీదు" అన్నారు. ఆ మాట యెన్ బాబాయ్‌కీ, కో మేడమ్‌కీ నచ్చలేదు.

ఆ మధ్యాహ్నమే మరమ్మతు చేసే మనిషి వచ్చి యంత్రంలో ఒక భాగం మార్చాడు. అతను పని ముగిస్తుండగా కో మేడమ్ సొరుగులోంచి ప్యాకెట్టు తీసి వెంగ్ అన్న చేతికిచ్చారు.

"మీ చేత్తోనే పెట్టి దణ్ణం పెట్టండి. చెరువుల సంఘం వాళ్లు పట్టుబట్టారు. లేకపోతే మిమ్మల్ని ఇక్కడ ఉంచడం నా వల్ల కాదు."

"కొన్నాళ్లు ఆగి పెడతాను మేడమ్. ఆ భాగం, ప్యాకెట్టు రెండూ ఒకేరోజు మారిస్తే, యంత్రం నడిచినా ఎందుకు నడిచిందో ఎప్పటికీ తెలీదు."

"నడిస్తే చాలదా అన్నా?" అన్నారు కో మేడమ్.

ఆయన నా వైపు చూశారు. చేతిలో ఉన్న సీసానే మళ్లీ కడిగాను. ఈ ఉప్పునేల తీరంలో ఆ వయసులో ఆయనకు ఇంకో పరీక్షశాల ఎక్కడ దొరుకుతుంది? ప్యాకెట్టు పెట్టారు. చేతులు జోడించారు. యెన్ బాబాయ్ గుమ్మంలో నిలబడి చూసి వెళ్లిపోయాడు.

ఆ ఎండాకాలమంతా యంత్రం ఒక్కసారి కూడా ఆగలేదు. వచ్చినవాళ్లందరికీ బీ-చూ అక్క ఆ సంగతి చెబుతుంది.

"చలికాలంలో చెరువుల పని తక్కువ కదన్నా, అప్పుడు తీసి చూడొచ్చేమో" అన్నాను ఒకరోజు, ధైర్యం చేసి.

"చలికాలంలో యంత్రం ఎలాగూ ఆగదమ్మా. ఆగని రోజుల్లో తీసి ఏం చూస్తాం?" అన్నారు.

తర్వాత కో మేడమ్ ప్యాకెట్టు గడువు చూసుకునే పని కూడా ఆయనకే అప్పగించారు. "మీ అంత జాగ్రత్తగా ఎవరు చూస్తారు?" అన్నారు. వెక్కిరింపు కాదు, నమ్మకంగానే అన్నారు. ఆయన కాదనలేదు. గడువు దగ్గరపడగానే కొత్తది తెచ్చి, వెనక్కి తిప్పి, కిటికీ వెలుగులో తేదీ చదువుతారు. చదివి నా చేతికిస్తారు.

"నువ్వూ చదువు" అంటారు.

నేను చదివి చెబుతాను. ఇద్దరిదీ ఒకటే అయితే తల ఊపి, దాన్ని తీసుకెళ్లి యంత్రం మీద పెడతారు.