నేను అడగని ప్రశ్న

నేను డాక్టర్ని. హాస్టల్లో ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే, బీపీ చూడమంటావా అని ఏడిపించే రకాన్ని. ఇది మాత్రం పట్టపగలు పదకొండింటికి, జనంతో కిటకిటలాడే ఓపీలో జరిగింది.

మాది భీమవరం. అప్పుడు పంజాగుట్టలోని ఒక ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ పీజీ మొదటి ఏడాదిలో ఉన్నాను.

సుజాత అనే ఆవిడ భర్త మల్లేశ్‌తో కలిసి వచ్చింది. నలభై ఒక్కేళ్లు. అమీర్‌పేటలో చిన్న టైలరింగ్ షాపు. నెల రోజులుగా ఆయాసం, గుండెదడ. మెట్రో మెట్లు ఎక్కాలంటే మధ్యలో రెండుసార్లు ఆగుతోందట.

పడుకుంటే ఊపిరి ఆడుతోందా, కాళ్లు వాస్తున్నాయా, ఛాతీలో నొప్పి ఉందా, చిన్నప్పుడు జ్వరంతో కీళ్లు వాచాయా అని వరసగా అడిగాను. తేడాగా ఏమీ తగల్లేదు. కళ్లు మాత్రం పాలిపోయి ఉన్నాయి, నాడి వేగంగా కొట్టుకుంటోంది. పెళ్లయి పదహారేళ్లయినా పిల్లల్లేరని మల్లేశ్ చెప్పాడు. అది విన్నాక ఆ సంగతులు కదపబుద్ధి కాలేదు. బయట క్యూ పెరుగుతోంది. తల వంచుకుని రక్తపరీక్షలు, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే రాస్తున్నాను.

"రెండు నెలలు దాటింది మేడం," అంది సుజాత. "వయసైంది గద, ఆగిపోయినయనుకున్న."

ఏవి ఆగిపోయాయని అడిగాను.

ఆమె సిగ్గుపడింది. "మీరే అడిగిండ్రు గద. అక్కా, నెల తప్పి ఎన్ని దినాలైంది అని."

నేను అడగలేదు. మల్లేశ్ తనూ విన్నానన్నాడు, నా గొంతేనన్నాడు. నా పక్కనే నిలబడ్డ సిస్టర్ విమల మాత్రం, నేను రాసుకుంటూనే ఉన్నానని, నోరే మెదపలేదని గట్టిగా చెప్పింది. పైగా నేను పేషెంట్లను అమ్మా అంటాను, అక్కా అనను. దినాలు అన్న మాట నా నోట రానే రాదు.

చీటీలో ఎక్స్‌రే అని రాసింది కొట్టేసి, ముందు మూత్ర పరీక్ష చేయించాను. రెండు గీతలు వచ్చాయి.

మల్లేశ్ ఆ స్ట్రిప్ వైపు చాలాసేపు చూశాడు. "జర మల్లొకసారి చూడుండ్రి మేడం," అన్నాడు. మళ్లీ చేశాం. మళ్లీ రెండు గీతలే. ఆయన గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. సంగతి తెలిసి క్యూలో వాళ్లు కూడా తొంగిచూసి నవ్వారు.

మధ్యాహ్నం స్కానింగ్‌లో బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. సుజాతకి రక్తం బాగా తక్కువ. దానికి గర్భం తోడైంది కాబట్టే ఆ దడ, ఆయాసం. గుండె భేషుగ్గా ఉంది. మందులు వాడిన రెండు నెలలకి మెట్లు ఆగకుండా ఎక్కేసింది. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది.

ఇరవై ఒకటో రోజు ఫంక్షన్‌కి వాళ్లింటికి సిస్టర్ విమలా నేనూ వెళ్లాం. సుజాత నా చెయ్యి పట్టుకుని చుట్టాలందరికీ చూపించింది.

"గీ మేడమే. ఎవ్వరు అడగనిది అడిగిండ్రు."

నిజం చెబుదామని నోరు తెరిచాను. మల్లేశ్ వాళ్లమ్మ అందులో లడ్డూ పెట్టేసింది. నమిలి మింగేలోగా పాపని నా ఒళ్లో పడుకోబెట్టారు. ఇక చెప్పలేదు.

ఆ రోజు ఆ గదిలో ఉన్నది నలుగురమే. అడిగింది ఎవరో ఇవాళ్టికీ తేల్చుకోలేకపోయాను. పాప ఇప్పుడు షాపంతా పరుగెడుతోంది.