కొసరు లేని కుసి

శ్రావణంలో ఒక మంగళవారం పొద్దున, చింతామణి సంతవీధి వెనక కొట్టంలో, బాలచంద్ర చెక్కిన కుసి బెజ్జంలోకి సగందాకా దిగి ఆగిపోయింది. కుసి అంటే అడ్డకొయ్య కొసన నాలుకలా సన్నగా చెక్కిన భాగం. అది నిలువుకొయ్యకు తొలిచిన బెజ్జంలో దూరి కూర్చోవాలి. కూర్చోలేదు. బాలచంద్ర కొయ్యసుత్తితో గట్టిగా ఒక దెబ్బ వేశాడు. మంచి పనసకొయ్య, నిలువునా చీలింది. అంతకుముందు ఇంకొకటి కూడా అట్లాగే పోయింది.

అది 1979. బాలచంద్రకు ముప్పై నాలుగేళ్లు. అన్న నాగరాజతో కలిసి తండ్రి వదిలిపోయిన పప్పుల అంగడి చూసుకుంటున్నాడు. ఆ వేసవిలో అంగడి వాకిలి మార్చడానికి వచ్చిన ముసలి వడ్రంగి ఈరాచారి ఒక్క మేకు కొట్టకుండా ద్వారబంధం బిగించాడు. అది చూసినప్పటినుంచి బాలచంద్రకు గల్లాపెట్టె ముందు కుదురు లేదు. ఆయన కొట్టంలో చేరి వడ్లపని నేర్చుకుంటానన్నాడు. శెట్టి చేతికి తక్కెడ పుట్టుకతో వస్తుందిగాని ఉలి రాదని నాగరాజ నలుగురిలో ఎగతాళి చేశాడు. తమ్ముడు పట్టు వదలకపోయేసరికి ఒక మాట పెట్టాడు. ఆయుధపూజ నాటికి అంగట్లోకి ఒక బీరువా సొంత చేతులతో చేసి నిలబెట్టాలి. నిలబడితే అతని దారి అతనిది. లేకుంటే నోరెత్తకుండా వచ్చి గల్లా ముందు కూర్చోవాలి.

ఈరాచారి చీలిన కొయ్యను తిప్పి చూశాడు. గీత సరిగ్గానే ఉంది. కోత మాత్రం గీతకు అవతల పడింది. ఎందుకని అడిగితే, తక్కువైతే పనికిరాదుగదా, అందుకే రవ్వంత ఎక్కువ వదిలానన్నాడు బాలచంద్ర. ముసలాయన నశ్యం పీలుస్తూ నవ్వబోయి తుమ్ముల్లో పడ్డాడు.

“పప్పు తూచినట్టు కోస్తాండావప్పా నువ్వు,” అన్నాడు తేరుకుని. “తూకమైనాక మళ్లా పిడికెడు ఏస్తారే, ఆ కొసరు. గిరాకీకి ఏస్తే మళ్లీ వస్తాది. కొయ్యకు ఏస్తే పగులుతాది.”

బాలచంద్ర తన చేతి వంక చూసుకున్నాడు. కొసరు వేయనిదే తూకం ముగియదని తండ్రి చిన్ననాడే నేర్పాడు. ఇన్నేళ్లుగా ఆ చెయ్యి తనంతట తానే వేస్తూ వచ్చింది. ఉలి పట్టినా మానలేదు.

మాన్పించడానికి వారాలు పట్టింది. పెన్సిలు గీత లావుగా ఉంటుందని ఈరాచారి కత్తిమొనతో గీయించాడు. ముక్కచెక్కల మీద కోయించాడు, పారేయించాడు, మళ్లీ కోయించాడు. భాద్రపదంలో ఒక మధ్యాహ్నం కుసిని బెజ్జానికి ఆనించి అరచేత్తో నొక్కితే మెల్లగా దిగింది. లోపలి గాలి బుస్సుమంటూ బయటికి వచ్చింది. బాలచంద్ర దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు. జారలేదు. అతుకు మీద గోరు నడిపాడు. కంటికి గీత కనిపిస్తోంది, గోటికి తగలడం లేదు. తెప్పించుకున్న టీ చల్లారిపోయింది.

చట్రమంతా కూర్చాక, ఒక మూల పట్టి ఎత్తమన్నాడు ఈరాచారి. అవతలి మూల వేలాడుతుందనుకుంటూ ఎత్తాడు. నాలుగు మూలలూ ఒక్కటిగా లేచాయి. మేకు లేదు, జిగురు లేదు. ఎక్కడెక్కడో పెరిగిన చెట్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. అతను చాలాసేపు దాన్ని కిందికి దించలేదు.

తలుపు చట్రంలో గాడి తీసి నడిమి పలకచెక్క దించేటప్పుడు, గాడి నిండా బిగించబోతే ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు. “దానికి ప్రాణం పోలేదప్పా. వానకు ఉబ్బుతాది, ఎండకు ముడుచుకుంటాది. జాగా ఇడువు.” బాలచంద్రకు నమ్మకం కలగలేదు. పలక అంచున, గాడి పక్కనే, సన్నగా ఒక గీత పెట్టాడు. ముసురు పట్టిన వారానికి ఆ గీత గాడిలోకి పోయి మాయమైంది. ఇంటికి పోయి భార్య సులోచనమ్మను వెంటబెట్టుకొచ్చి చూపించాడు. ఆమె పలక మీద అరచెయ్యి ఆనించింది.

“ఊపిరి తీస్తాండాదా ఇది?” అంది నెమ్మదిగా.

ఆయుధపూజకు ముందురోజు బీరువా ఎద్దుల బండిలో అంగడికి చేరింది. దించేటప్పుడు హమాలీ కాలు జారింది. బీరువా పక్కకు ఒరిగి, దాని బరువంతా ఒక్క మూల మీద రాతిమెట్టుకు తగిలింది. బాలచంద్ర కళ్లు మూసుకున్నాడు.

నాగరాజ మెట్టు దిగివచ్చాడు. దెబ్బ తగిలిన మూల కొంచెం నలిగింది, అంతే. అతుకులన్నీ తడిమి చూశాడు. తలుపు తెరిచి వేశాడు, మళ్లీ తెరిచి వేశాడు. ఎక్కడా పట్టలేదు.

“జిగురు ఎంత పోసినావురా లోపల?” అన్నాడు.

“జిగురు లేదన్నా. మేకూ లేదు.”

నాగరాజ హమాలీలను పిలిచి, గోడవార జాగా చేయించి, బీరువా అడుగు అరలో బెల్లం అచ్చులు పేర్పించాడు.

పండగ మరునాటినుంచి గల్లా ముందు నాగరాజ పెద్దల్లుడు కూర్చున్నాడు. బాలచంద్ర ఏడు గంటలకే కొట్టానికి పోయాడు. బాగేపల్లి నుంచి పన్నెండు కిటికీ చట్రాల పని వచ్చి ఉంది.