బీరువాలో ఉండిపోయిన తాళంచెవి

అమీర్‌పేటలో మా వీధిలో దొంగలు రెండు కార్ల చక్రాలు విప్పుకుపోయాక, భయపడి నా కారు చక్రాలకు తాళం నట్లు వేయించాను. వాటి తాళంచెవి లేకుండా చక్రం ఊడదు. ఈ మధ్యాహ్నం నొప్పులు మొదలైన నా భార్య సునీతను సోమాజిగూడ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, పంజాగుట్టలో టైరు పంక్చరైంది. తాళంచెవేమో ఇంట్లో బీరువాలో ఉంది!

పంక్చర్ షాపతను నట్టు చూసి లేచి నిలబడ్డాడు. "గిది నాతోని కాదన్నా. కారు ఫికర్ ఇడిశిపెట్టు, అక్కను జల్ది ఆటోల తీస్కపో" అంటూ తనే రోడ్డుకు అడ్డంగా నిలబడి ఆటో ఆపాడు. దారంతా సునీత గోళ్ళు నా చేతిలో దిగుతూనే ఉన్నాయి.

ఆసుపత్రికి చేరిన గంటకే పాప పుట్టింది. ఇద్దరూ క్షేమం. కారు ఇంకా పంజాగుట్టలోనే ఉంది, నాలుగు చక్రాలతో సహా. ఇంతకీ ఆ తాళంచెవి మీరైతే ఎక్కడ పెడతారు?